కోడిపెట్టకి ఏ రంగు వెయ్యాలి

"బాగుంది పిన్నీ" అంది బుడంకాయ.

బుడంకాయ అంటే మా అక్క కూతురు. బారసాలనాటి పేరు ఒకటి ఉంది గానీ ఆ పేరుతో పిలిచేది ఆసుపత్రిలో మాత్రమే. పుట్టినప్పుడు గుండ్రంగా, నున్నగా, పట్టుకుంటే జారిపోయేలా ఉందని మా బావ సరదాకి అన్న మాట అతుక్కుపోయింది. ఇప్పుడు దానికి అయిదేళ్ళు. పుట్టుకతోనే కంటి వెనక పొర బలహీనం. అద్దాలు పెట్టినా అంతే, తీసినా అంతే.

"చూపు బొత్తిగా లేకపోలేదు" అని కంటి డాక్టరమ్మ అక్కకి తేల్చి చెప్పింది. నేనూ పక్కనే ఉన్నాను. "పక్కపక్కనున్న రెండు రంగుల మధ్య బాగా తేడా ఉంటేనే పాపకి కనపడుతుంది. లేకపోతే అన్నీ కలిసిపోయి మంచు పట్టినట్టుంటాయి. నా భయం అది కాదు. చూసే అలవాటు తప్పిపోతోంది. చూసినా ఏమీ ఉండదని ముందే మొహం తిప్పేసుకుంటోంది. ఇప్పుడు చూడ్డం మానేసిందంటే రేపు ఉన్న కాస్త చూపూ అక్కరకి రాదు. తనంతట తనకి చూడాలనిపించేది ఏదో ఒకటి దొరకాలి."

పిల్లల పుస్తకాలకి కంప్యూటర్లో బొమ్మలు వేసి బతుకుతున్నదాన్ని. నేనుండగా దానికి చూడాలనిపించే బొమ్మ దొరక్కపోవడమేంటి అనుకున్నాను. "నాకొదిలెయ్ అక్కా" అన్నాను ఆసుపత్రి మెట్ల మీదే. అప్పుడే నాలుక కరుచుకుని ఉంటే ఇంత కథ ఉండేది కాదు.

నా రంగుల గురించి కాస్త చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే నాకు తిన్నది అరగదు. మా ఆఫీసులో ఇంకా కొందరు బొమ్మలేస్తారు. వాళ్ళవి ఎవరివో కింద పేరు చూస్తే గానీ తెలీదు. నావి గుమ్మంలోంచే తెలిసిపోతాయి. తడి మట్టి రంగు, పాలెక్కువైన టీ రంగు, తెల్లవారుజాము నీలం, బూడిదలో ముంచి తీసిన ఆకుపచ్చ. ఒక రంగు ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలైందో కనపడనివ్వను. దానికోసం కర్టెన్లు మూసి, ఖరీదైన స్క్రీను ముందు కూర్చుని, తెర మీది రంగుల చక్రంలో కంప్యూటర్ పెన్ను మొనని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ పూటలకి పూటలు గడిపేస్తాను. "మీ రంగులు కళ్ళకి చల్లగా ఉంటాయండీ" అంటారు మా ఎడిటరు గారు. ఆయన ఎవర్నీ ఊరికే పొగిడే మనిషి కాదు.

మా బావ మాత్రం "ఏం మరదలా, ఉతికి ఉతికి వెలిసిపోయిన చొక్కాలు ముందు పెట్టుకుని వేస్తావా ఇవి?" అంటాడు. ఆయన బస్సు నడుపుతాడు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ తప్ప నాలుగో రంగు తెలియని మనిషితో నాకు వాదనేంటని ఊరుకుంటాను. అంటే, రెండు మాటలు అనేసి ఊరుకుంటాను.

బుడంకాయ కోసం వేసిన కథ చిన్నదే. వాన పడుతుంటే ఒక కోడిపెట్ట గొడుగు తీసుకుని, బళ్ళో ఉన్న పిల్లల్ని ఇంటికి తీసుకురావడానికి బయలుదేరుతుంది. దార్లో కుక్క ఎదురవుతుంది, మేక ఎదురవుతుంది, బస్సు బురద చిమ్ముతుంది. అంతే. కథ అక్క రాసింది, బొమ్మలు నావి. చిన్నపిల్ల కదా అని నా రంగుల్ని కాస్త ముదురు చేశాను కూడా. వానలో తడిసిన రోడ్డు, దాని మీద గోధుమ రంగు కోడి, వెనక మసకమసగ్గా ఇళ్ళు. నేను వేసిన వానల్లోకెల్లా మంచి వాన అది.

టాబ్లెట్‌లో పెట్టి తీసుకెళ్ళి బుడంకాయ ఒళ్ళో పెట్టాం. అక్క కథ చదువుతోంది. నేను "కోడి ఎక్కడే?" అని అడిగాను. అది వేలు చాపి సరిగ్గా కోడి మీద పెట్టింది. పేజీ తిప్పాను. మళ్ళీ కోడి మీదే పెట్టింది. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు గాల్లో తేలిపోతున్నట్టుంది.

"బాగుంది పిన్నీ" అంది బుడంకాయ.

ఆ ఊపులోనే ఇంకో ఘనకార్యం కూడా చేశాను. డాక్టరమ్మ ఇంట్లో చూపించమని కొన్ని అట్టలు ఇచ్చింది. నలుపు తెలుపు గళ్ళు, చారలు, చక్రాలు. రోజూ పిల్ల ముందు కాసేపు పట్టుకోవాలి. "ఈ దరిద్రపు అట్టలు చూస్తే నాకే తల తిరుగుతోంది, దానికెలా ఉంటుందే? బొమ్మలు చూస్తోంది కదా, ఇంక ఇవెందుకు" అన్నాను. అక్క వాటిని బీరువా మీద పడేసింది. తనకీ అదే కావాలి. కూతురు అట్టలు కాకుండా పుస్తకం చూస్తోందని నలుగురికీ చెప్పుకోవాలని అక్కకి మాత్రం ఉండదా.

ఒకటి మాత్రం పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. ఏ బొమ్మ పెట్టినా బుడంకాయ అదే మాట, అదే గొంతు. బాగుంది పిన్నీ. ఇంకాసేపు చూద్దామనదు, మళ్ళీ చూపించమనదు, పేజీ తిప్పమని తొందరపెట్టదు. ఆఫీసులో ఎడిటరు గారు ఇలా వెంటనే బాగుందంటే సాయంత్రానికి ఫైలు తిరిగొస్తుందని నాకు తెలుసు. తెలిసీ, పొగడ్త తియ్యగా ఉంటుంది కాబట్టి మింగేశాను.

ఒక సెలవురోజు పొద్దున్న అక్కావాళ్ళింట్లో కూర్చుని కోడి మెడ సరిచేస్తున్నాను. మా పనిలో ఒక పద్ధతి ఉంది. వేసిన బొమ్మని మధ్యమధ్యలో అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తిరగేసి చూసుకుంటాం. చూసి చూసి కళ్ళకి అలవాటైపోయిన తప్పులు అప్పుడు బయటపడతాయి. ఒక్క మీట నొక్కితే చాలు, బొమ్మ తిరగబడుతుంది. అలా తిరగేసి మెడ సంగతి చూస్తుంటే బుడంకాయ వచ్చి నా మోకాలికి ఆనుకుని నించుంది.

"ఏదీ, కోడి ఎక్కడుందో చూపించు" అన్నాను, మాటవరసకి.

చటుక్కున కుడిపక్కన, కాస్త కిందగా వేలు పెట్టింది. అక్కడ తడి రోడ్డు తప్ప ఏమీ లేదు. తిరగేసిన బొమ్మలో కోడి ఎడమపక్కకి వచ్చేసింది.

"ఇక్కడ. బాగుంది పిన్నీ."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక పెన్ను కింద పెట్టేశాను. మొదట్నుంచీ నాకో అలవాటు. కథలో ముఖ్యమైన మనిషిని, లేదా జంతువుని, బొమ్మకి కుడిపక్కన కొంచెం దిగువగా పెడతాను. ప్రతి పేజీలోనూ కోడి అక్కడే ఉంది. మొదటిసారి ఏదో గుడ్డిగా వేలు పెట్టి ఉంటుంది, మేం ఇద్దరం గంతులేశాం. ఆ చోటు గుర్తుపెట్టుకుంది. అంతే.

"అక్కడ కోడి లేదే" అన్నాను.

వేలు వెనక్కి తీసుకుని ఇంకో చోట పెట్టింది. తెర వైపు చూడ్డం లేదు. మొహం నావైపు తిప్పి, నా గొంతు కోసం ఆగింది. నేనేమీ అనకపోయేసరికి వేలు మరో చోటికి జరిపింది.

"అసలు నీకు కోడి కనపడుతోందా?"

"బాగుంది కదా పిన్నీ."

"బాగుందా అని అడగలేదు. కనపడుతోందా లేదా?" నా గొంతు లేచింది. ఆపుకోలేకపోయాను.

అది తల అడ్డంగా ఊపింది.

"మరి ఇన్నాళ్ళూ బాగుంది బాగుంది అని ఎందుకన్నావే?"

"బాగుందంటే ఇంక అడగరు" అంది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం, అందుకే అందిన వాళ్ళ మీద చూపించాను. అప్పుడే చేతులు తుడుచుకుంటూ వచ్చిన అక్క అందింది. సంగతి చెప్పగానే అక్క మొహం పాలిపోయింది.

"నువ్వు చెప్పావనే కదే ఆ అట్టలు తీసి పైన పడేశాను" అంది.

"నేను వారానికోసారి వచ్చేదాన్ని. నువ్వు రోజూ పక్కనుండేదానివి. నీకు తెలీలేదా?"

అనకూడని మాట అది. అక్క బుడంకాయని ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. లోపల్నుంచి "పిన్నికి బాగుందని చెప్పొద్దా అమ్మా?" అని దాని గొంతు వినపడింది. నాకు అక్కణ్ణుంచి లేచి పారిపోవాలనిపించింది.

పారిపోకుండా బొమ్మలో రంగులన్నీ తీసేశాను. అది కూడా మా పనిలో పద్ధతే. ఇంకా చెప్పాలంటే ఓనమాలు. రంగు తీసేసి ఉత్త నలుపు తెలుపుల్లో చూస్తే ఏది ముదురో ఏది లేతో తేలిపోతుంది. రంగులు ఎంత వేరుగా ఉన్నా, ముదురు లేత ఒకేలా ఉంటే బొమ్మ విడివడదు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి ఇది చెప్పేది నేనే. చెప్పి, నా బొమ్మలకి మాత్రం ఎప్పుడూ చేసుకోను. నా రంగుల మీద నాకంత నమ్మకం. ఇప్పుడు చూస్తే కోడి లేదు, రోడ్డు లేదు, ఇళ్ళు లేవు. తడిగుడ్డతో తుడిచిన పలకలా తెరంతా ఒకే బూడిద. నా గొప్ప వాన కూడా అందులోనే కలిసిపోయింది. బుడంకాయ ఇన్నాళ్ళూ చూసింది ఇదే.

ఆ రోజు నుంచి రోజూ ఆఫీసు అవగానే అక్కావాళ్ళింటికి పోయేదాన్ని. ముందు బుడంకాయతో ఒప్పందం చేసుకున్నాను. ఈ ఇంట్లో బాగుందన్న మాట ఎవరూ అనకూడదు. కనపడితే కనపడిందని, లేకపోతే లేదని చెప్పాలి. లేదని చెప్పినా పిన్ని ఏడవదు, అరవదు. అది నమ్మకం లేనట్టే తలూపింది. నా చరిత్ర దానికి తెలుసు.

మొదట ఎర్ర కోడి, పచ్చగడ్డి. రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉండే రంగులు ఇవి. పక్కపక్కన పెడితే సవతుల్లా కొట్టుకుచస్తాయి. కనపడి తీరాలి.

"లేదు" అంది బుడంకాయ.

"సరిగ్గా చూడవే."

"లేదు పిన్నీ."

రంగు తీసి చూసుకుంటే ఎరుపూ పచ్చా ఒకే బూడిద. తేడా నా కళ్ళకి గానీ దానికి కాదు. సరే, నారింజ రంగు కోడి, నీలం రోడ్డు. కాసేపు చూసి "ఏదో కదులుతోంది" అని కళ్ళు నులుముకుంది. ముదురు లేత కుదరకుండా ఆ రెండు రంగుల్నీ పక్కన పెడితే అంచులు వణికినట్టుంటాయి. మామూలు కళ్ళకే చికాకు, దాని కళ్ళకి నొప్పి. తరవాత నల్లటి నేల మీద ఎర్రటి కోడి. నాకైతే నిప్పుకణికలా మెరుస్తోంది. "చీకటి" అంది ఒక్క ముక్కలో. విసుగెత్తి తెల్లటి నేల మీద నల్ల కోడిని వేశాను. ఇంతకన్నా తేడా లోకంలో లేదు కదా. అది తెర వెలుగుకి మొహం చిట్లించి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. తెల్లటి కాగితం మీద నల్లటి అచ్చున్న మామూలు పుస్తకాలకి ఎందుకు మొహం తిప్పుకుంటుందో అప్పుడు తెలిసింది. తెలిసి లాభమేంటి, నా చేతిలో ఇంకో దారి లేకుండా పోయింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. పిల్ల మీద అరవనని మాటిచ్చాను కాబట్టి వస్తువుల మీద అరిచేదాన్ని. టాబ్లెట్ పాతదైపోయిందన్నాను. కిటికీలోంచి వెలుగు పడుతోందన్నాను. పెన్ను మొన అరిగిందన్నాను.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస" అంది అక్క, బట్టలు మడతపెడుతూ. ఆ గొడవ తరవాత నాతో అన్న మొదటి పూర్తి వాక్యం అది.

"నువ్వొచ్చి ఆడు అయితే."

"నాకు ఆటా రాదు, మద్దెలా రాదు. కానీ పిల్లని చూడు. దాన్ని రోజూ పరీక్ష రాయిస్తున్నట్టుంది."

నిజమే. మొదట్లో లేదని చెప్పడానికి భయపడేది. తరవాత హుషారుగా చెప్పేది. ఇప్పుడు నేను గుమ్మంలో అడుగుపెట్టగానే ముడుచుకుపోతోంది. ఆ సాయంత్రం టాబ్లెట్ ముందు పెట్టకముందే "లేదు" అంది. ఇంకా తెరే వెలగలేదు.

"చూడకుండానే లేదంటావేం?"

"బొమ్మలొద్దు పిన్నీ. కథ చెప్పు చాలు. నాకు వినపడుతుంది" అని గోడవైపు తిరిగి పడుకుంది.

డాక్టరమ్మ ఏదైతే జరగకూడదందో అది నా చేతులమీదుగా జరుగుతోంది. చూడ్డం దానికి సరదా కావాలని మొదలుపెట్టి, శిక్ష చేసి పెట్టాను. బొమ్మలు వేసి బతికే మనిషి ఇంట్లో పిల్ల బొమ్మలొద్దంటోంది. నాకు ఏడుపొచ్చింది. అక్క ముందు ఏడవడం ఇష్టం లేక నీళ్ళు తాగే నెపంతో వంటింట్లోకి పోయి సింకు దగ్గర నించున్నాను.

తిరిగొచ్చేసరికి అక్క కుర్చీ వేసుకుని బీరువా మీంచి ఆ అట్టలు దించుతోంది. దుమ్ము దులిపి, మంచం మీద కూర్చుని, ఒక్కోటీ బుడంకాయ మొహం ముందు పట్టుకుంది. అది పడుకునే, తల కాస్త పక్కకి వాల్చి, "చారలు" అంది. "గళ్ళు. చక్రం. చారలు." ఆవలింత వస్తున్న గొంతు. ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు.

ఒళ్ళు మండిపోయింది నాకు. ఎన్ని రంగులు మార్చాను, ఎన్ని సాయంత్రాలు పోయాయి. దాని కళ్ళకి ఏది ఆనుతుందో చెప్పే అట్టలు ఇంట్లోనే, నేను దరిద్రపువని తిట్టిన అట్టలు, నా నెత్తి మీదే ఉన్నాయి. అక్క చేతిలోంచి లాక్కుని రెండు ఏరాను. ఒకటి తెలుపు మీద నల్ల చక్రం, ఇంకోటి నలుపు మీద తెల్ల చక్రం.

"ఒక్కటే అడుగుతాను, ఇంక అడగను. ఏది చూస్తే కళ్ళకి హాయిగా ఉంది?"

రెండింటినీ మార్చి మార్చి చూసి నలుపు ఎక్కువున్నదాని మీద చెయ్యి వేసింది.

మర్నాడు సెలవు. పొద్దున్నే మా ఇంట్లో కూర్చున్నాను, కర్టెన్లు తీసేసి, కిటికీ పక్కన, బుడంకాయ చూసే టాబ్లెట్ మీదే. కోడి వెనక నేల అంతా నల్లగా అనిపించేంత ముదురు నీలం. ఇళ్ళు తీసేశాను. మసక తీసేశాను. కోడికి పసుపు. నేను వాడే పసుపు కాదు, పాలు కలిపినట్టుండే ఆ లేత పసుపు కాదు. పచ్చి పసుపు, దుకాణాల బోర్డుల మీద ఉండే పసుపు. గొడుగు తెలుపు. తెర మిరుమిట్లు గొలపకుండా తెలుపుని కాస్త తగ్గించాను. వాన తీసెయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు. సన్నటి గీతల వాన పనికిరాదు కాబట్టి, బఠాణీ గింజలంత లావు చినుకులు, లేత నీలంలో, కొన్నే కొన్ని. మూడు రంగులూ నేలా అంతే. రంగు తీసి చూశాను. కోడి కోడిలాగే ఉంది, గొడుగు గొడుగులాగే ఉంది.

అయ్యాక దూరం నుంచి చూసుకుంటే నాకే కంపరం పుట్టింది. మెల్లగా ఒకదాంట్లోంచి ఒకటి పుట్టే రంగులు లేవు, గాలి లేదు, తడి లేదు. ఎడిటరు గారు చూస్తే ఒంట్లో బాలేదా అని అడుగుతారు. ఇన్నేళ్ళు కూడబెట్టుకున్నదంతా ఊడ్చి బయట పోసినట్టుంది. ఇది కూడా లేదంటే ఇంక నా దగ్గరేమీ లేదు. ఆ మాట అక్కకెలా చెప్పాలో తెలీలేదు.

అక్కావాళ్ళింటికి వెళ్ళేసరికి బుడంకాయ నేల మీద కూర్చుని గిన్నెలు బోర్లించి వాయిస్తోంది. అక్క వంటింట్లో ఉంది. నేను టాబ్లెట్ దాని పక్కన నేల మీద పెట్టి గోడకి జేరగిలబడ్డాను. కోడి ఎక్కడుందని అడగలేదు. కనపడుతోందా అనీ అడగలేదు. మాటిచ్చానని కాదు, అడిగే ఓపిక లేక. ఇంకోసారి లేదన్న మాట వింటే భరించగలనని నాకు నమ్మకం లేదు.

గిన్నెల మోత సాగుతోంది. ఉన్నట్టుండి ఆగింది.

బుడంకాయ ముందుకి వంగింది. తల పక్కకి వాల్చి, ముక్కు తెరకి ఆనేంత దగ్గరికి వెళ్ళింది. పసుపు వెలుగు దాని బుగ్గ మీద పడుతోంది. చూపుడువేలు పెట్టి మెల్లగా జరిపింది. తోక, వీపు, మెడ, తల మీద జుట్టు, ముక్కు. వేలు ముందూ కళ్ళు వెనకా కాదు, కళ్ళు ముందు వెళుతుంటే వేలు వెనక వెళుతోంది. 

"పిన్నీ."

"ఊఁ."

"ఈ కోడికి బుద్ధి లేదు."

"ఏం?"

"గొడుగుంది కదా. వెనక్కి పట్టుకుంది. చినుకులన్నీ నెత్తి మీదే పడుతున్నాయి."

నేను బొమ్మలేస్తున్నప్పట్నుంచీ నాకు తప్పు చూపించినవాళ్ళెవరూ సుఖంగా ఇంటికి పోలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది. "అది అందం కోసమే. గొడుగు నెత్తి మీద పట్టుకుంటే జుట్టు కనపడదు" అన్నాను.

"కనపడక్కర్లేదు. తడుస్తోంది."

"గాలి అటు వీస్తోందనుకో."

"గాలెక్కడుంది? చినుకులు నిలువుగా పడుతున్నాయి" అని ఒక్కో చినుకునీ పొడుస్తూ చూపించింది. "ఇది నిలువు. ఇది నిలువు. ఇదీ. బాలేదు పిన్నీ. మళ్ళీ వెయ్యి."

అప్పుడు తట్టింది నాకు. కోడి గొడుగు వెనక్కి పట్టుకుందని అక్క రాసిన కథలో ఎక్కడా లేదు. ఎవరూ దానికి చదివి చెప్పలేదు. నేను చెప్పలేదు. ఆ మాటకొస్తే నాకే తెలీదు.

"ఏంటే అక్కడ వాదన?" అంది అక్క వంటింట్లోంచి.

"నీ కూతురు నా బొమ్మకి వంక పెడుతోంది" అన్నాను. 

లోపల గరిటె చప్పుడు ఆగింది. అక్క తడి చేతులతోనే వచ్చి బుడంకాయ పక్కన కూలబడింది. "ఏం వంకమ్మా?" అని అడిగింది, ఎంతో మామూలుగా అడగాలని చూస్తూ.

బుడంకాయ విసుక్కుంది. వాళ్ళమ్మ వేలు పట్టుకుని తెర మీద ఆనించింది. "ఇదిగో గొడుగు. ఇదిగో కోడి. ఇవిగో చినుకులు. నీకు కనపడట్లేదా అమ్మా?"

"లేదు" అంది అక్క. "ఇంకోసారి చూపించు."